బాగా అమ్మేవాళ్ళు మన దగ్గర ఎందుకు నిలవడం లేదు: అనంతపురం డీలర్లకు, కంపెనీల అధికారులకు బహిరంగ లేఖ

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో మోటార్లు, పైపులు, డ్రిప్పు పరికరాలు అమ్ముతున్న డీలర్లకు, డిస్ట్రిబ్యూటర్లకు, ఆయా కంపెనీల ఏరియా అధికారులకు నమస్కరించి వ్రాయునది.

ఈ నెలలో మీలో నలుగురు నాకు ఫోన్ చేశారు. మాటల తేడా తప్ప నలుగురూ అడిగింది ఒకటే: "సార్, మీకు తెలిసిన మంచి సేల్స్ కుర్రవాడు ఎవరైనా ఉంటే మా దగ్గరికి పంపండి, జీతం గురించి ఆలోచించవద్దు." నాకు తెలిసిన కుర్రవాళ్ళు ఉన్నారు. అయితే వాళ్ళలో ఒకరు ఇప్పుడు బెంగళూరులో టైల్స్ అమ్ముతున్నారు, ఒకరు కర్నూలులో విత్తనాల కంపెనీలో ఉన్నారు, ఇంకొకరు కళ్యాణదుర్గంలో సొంతంగా కొట్టు పెట్టుకుని మీకే పోటీగా నిలిచారు. ముగ్గురూ ఒకప్పుడు మీ దగ్గరో, మీ పక్కవారి దగ్గరో, నా దగ్గరో పనిచేసినవారే. వెతుకుతున్న మనిషి ఒకప్పుడు మన చేతుల్లోనే ఉండి వెళ్ళిపోయాడన్న మాట ఫోన్‌లో చెప్పలేకపోయాను. అందుకే ఈ లేఖ.

నేను 1993లో ఈ రంగంలోకి వచ్చాను. పాత బండి మీద శింగనమల, నార్పల, బుక్కరాయసముద్రం తిరిగి పైపులు అమ్మాను. తర్వాత ఏరియా మేనేజరుగా చేసి 2020లో విరమించుకున్నాను. ఇరవై ఏడేళ్ళలో నేను చేర్చుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు, పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆ రెండో జాబితా గుర్తుకొచ్చినప్పుడల్లా నాకు స్పష్టంగా కనిపించే సంగతి ఒక్కటే. బాగా అమ్మేవాడు జీతం చాలక వెళ్ళిపోవడం తక్కువ. అతను గెలిచిన తర్వాత మనం ఆట నియమం మార్చడం వల్ల వెళ్ళిపోవడం ఎక్కువ.

బాగా అమ్మేవాడు అంటే ఎవరో ముందు చూద్దాం, ఎందుకంటే ఆ మాట మీదే మనలో చాలామందికి పొరపాటు అభిప్రాయం ఉంది.

2014 ఏప్రిల్‌లో ఒక రోజు మధ్యాహ్నం నార్పలలో ఒక డీలరు కొట్లో కూర్చుని ఉన్నాను. ఒక రైతు వచ్చి పది హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు కావాలన్నాడు. పక్క తోట ఆయన తెచ్చుకున్నాడట, తనకూ అదే కావాలి, డబ్బు జేబులోనే ఉంది. డీలరు అప్పటికే బిల్లు పుస్తకం ముందుకు లాక్కున్నాడు. మా కంపెనీ కుర్రవాడు మాత్రం స్టూలు జరుపుకుని రైతు పక్కన కూర్చుని, "మామా, బోరు ఎన్నడుగులు? ఏసినప్పుడు ఎన్ని ఇంచుల నీళ్ళు పడినాయి? ఇప్పుడు ఎంతసేపు పోసి ఆగిపోతాంది?" అని అడిగాడు. బోరు ఆరు వందల అడుగులు, వేసినప్పుడు రెండించుల నీళ్ళు, ఇప్పుడు ఇరవై నిమిషాలు పోసి ఆగిపోతుంది, మళ్ళీ అరగంట ఊరాలి. అప్పుడు ఆ కుర్రవాడు చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది: "నీళ్ళు ఆగిపోయేది మోటరు చాలక గాదు మామా, బోరులో నీళ్ళు చాలక. పెద్ద మోటరు దించితే ఉన్న నీళ్ళు పది నిమిషాల్లో గుంజేసి ఒట్టిగా తిరుగుతాది, వైండింగు కాలిపోతాది. ఉండే ఐదు హెచ్‌పీనే పెట్టుకో. నీళ్ళు లేనప్పుడు తనంతట తాను ఆగిపోయే స్టార్టరు ఒకటి తీసుకో, చాలు."

డీలరు ముఖం మాడిపోయింది. ఆ రైతు స్టార్టరు మాత్రం కొనుక్కుని వెళ్ళాడు. ఆ వేసవి ముగిసేలోగా అదే ఊరి నుంచి ఏడుగురు రైతులు వచ్చి, డీలరును కాదు, ఆ కుర్రవాడిని అడిగి మోటార్లు తీసుకున్నారు. సంవత్సరానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని జిల్లా మనది. బోరు ఎండితే తోట ఎండుతుంది, చీనీ (బత్తాయి) తోట ఎండితే ఆ ఇంటి ఏడెనిమిదేళ్ళ కష్టం ఎండుతుంది. అలాంటి చోట అమ్మకమంటే మాటకారితనం కాదు. రైతు భయం ఎక్కడుందో పసిగట్టి, అతనికి పనికొచ్చే వస్తువు పేరు చెప్పి, పనికిరానిదాన్ని వద్దనగలిగే ధైర్యం అమ్మకం. ఆ ధైర్యం వెనక లెక్క కూడా ఉంది. వద్దన్న ఒక్క మోటారు ఏడు మోటార్లయింది.

అమెరికాలో డేవిడ్ మేయర్, హెర్బర్ట్ గ్రీన్‌బర్గ్ అనే ఇద్దరు సేల్స్‌మెన్ ఎంపిక మీద ఏళ్ళ తరబడి పనిచేసి 1964లో ఒక వ్యాసం రాశారు. మంచి అమ్మకందారుకు రెండు గుణాలు తప్పనిసరి అన్నారు: ఎదుటివాడి మనసులో ఏముందో పట్టుకోగలగడం, అమ్మి తీరాలన్న పంతం. మొదటిది మాత్రమే ఉన్నవాడు రైతుతో స్నేహం చేసి వట్టి చేతులతో తిరిగి వస్తాడు, రెండోది మాత్రమే ఉన్నవాడు ఒకసారి అంటగట్టి మళ్ళీ ఆ ఊరికి పోలేడు. నార్పల కొట్లో నేను చూసింది ఆ రెండూ కలిసి ఉన్న మనిషిని.

ఇప్పుడు ఆ కుర్రవాడికి నేను ఏం చేశానో చెప్పాలి. 2015 మార్చికి అతను టార్గెట్టు దాటి చాలా ముందున్నాడు. ఏప్రిల్ మొదటి వారంలో ఆ ఏటి టార్గెట్టు, ఇన్సెంటివ్ (అమ్మకాన్ని బట్టి ఇచ్చే అదనపు సొమ్ము) రాసిన కొత్త షీటు హెడ్డాఫీసు నుంచి వచ్చింది. అతని టార్గెట్టు నలభై శాతం పెరిగింది. ఇన్సెంటివ్ మొదలయ్యే గీత పైకి జరిగింది. ఒక పరిమితి దాటిన అమ్మకానికి ఇన్సెంటివ్ ఉండదన్న కొత్త షరతు చేరింది. పక్క ఏరియాలో టార్గెట్టులో సగం కూడా చేయనివాడికి మాత్రం, "పాపం, అక్కడ మార్కెట్ లేదు" అని అంకె తగ్గించారు. ఆ షీటు తయారుచేసింది హెడ్డాఫీసు, నిజమే. కానీ దాని కింద సంతకం నాది, దాన్ని అతని చేతిలో పెట్టిందీ నేనే. అతను దాన్ని రెండుసార్లు చదివి, "సార్, బాగా అమ్మినందుకా ఇది?" అని మాత్రం అడిగాడు. నేను "కంపెనీకి నీ మీద నమ్మకం ఎక్కువ" అన్నాను. ఆ మాట అన్నందుకు ఈనాటికీ నాకు బాధగా ఉంది, ఎందుకంటే అది నిజం కాదని మా ఇద్దరికీ తెలుసు. జూన్‌లో అతను రాజీనామా చేశాడు. నార్పల, శింగనమల వైపు అతను నిలబెట్టిన డీలర్లలో ముగ్గురు ఏడాదిలోగా వేరే కంపెనీ సరుకు పెట్టుకున్నారు.

నిరుడు అమ్మినదాని మీద ఈ ఏడు టార్గెట్టు కట్టే పద్ధతి మనందరి దగ్గరా ఉంది. అందులో తప్పేమిటని మీరు అడగవచ్చు. ఈ పద్ధతిలో బాగా అమ్మడం అంటే వచ్చే ఏటి బరువును తన నెత్తిన తానే ఎత్తుకోవడం అని తెలివైనవాడికి ఒక్క సంవత్సరంలో అర్థమైపోతుంది. రెండో సంవత్సరం నుంచి అతను ఫిబ్రవరిలో టార్గెట్టు చేరగానే చేతిలో ఉన్న ఆర్డర్లను జేబులో పెట్టుకుని ఏప్రిల్ దాకా ఆగుతాడు. "అన్నా, ఒక నెల ఆగి తీసుకో" అని డీలరుకు తానే చెబుతాడు. మనం దానికి బద్ధకం అని పేరు పెడతాం. అది బద్ధకం కాదు, మనం నేర్పిన లెక్క. మార్చిలో బోర్లు ఎండి రైతులు పరుగులు తీస్తున్న సమయంలో మన మంచి మనిషి చేతులు కట్టుకుని కూర్చునేలా చేసింది మన షీటే.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. అమెరికాలో కాంటాక్ట్ లెన్సులు తయారుచేసే ఒక కంపెనీ అమ్మకం సిబ్బంది లెక్కలను సంజోగ్ మిశ్రా, హరికేశ్ నాయర్ అనే ఆచార్యులు పరిశీలించి 2011లో ప్రచురించారు. ఆ కంపెనీలోనూ కింద ఒక కోటా, పైన ఒక పరిమితి ఉండేవి. కోటా నిండినవాళ్ళు, పరిమితి తాకినవాళ్ళు చేతులు సడలించడం లెక్కల్లో కనిపించింది. కోటా, పరిమితి రెండూ తీసేసి, అమ్మినదానికి అమ్మినంత అన్న సూటి పద్ధతి పెట్టాక కంపెనీ రాబడి 9 శాతం పెరిగింది. కొత్త మనుషులను తీసుకోలేదు. ఉన్నవాళ్ళే, అదే వస్తువు. మారింది కాగితం మాత్రమే.

ఇన్సెంటివ్‌కు పరిమితి పెట్టేవారు నాతో అనే మాట, "సార్, సేల్స్ కుర్రవాడు మేనేజరు కంటే ఎక్కువ తీసుకుపోతే ఎట్లా?" అని. తీసుకుపోనివ్వండి. అతను లక్ష రూపాయల ఇన్సెంటివ్ తీసుకున్న నెలలో మీకు ఎంత మిగిలిందో మీ లెక్కల పుస్తకంలోనే ఉంది. నేను ఏరియా మేనేజరుగా ఉన్నప్పుడు నాకంటే ఎక్కువ సంపాదించినవాడు ఒకడు రెండేళ్ళు నా కింద ఉన్నాడు. ఆ రెండేళ్ళే నా ఏరియా రాష్ట్రంలో ముందు వరసలో నిలిచింది.

టార్గెట్టును పన్నెండుతో భాగించి నెలకింత అని పంచే అలవాటు గురించి కూడా ఒక మాట. మన జిల్లాలో జూన్, జూలైల్లో రైతు చేతిలో డబ్బు ఉంటే అది వేరుశనగ విత్తనానికీ ఎరువుకూ పోతుంది, మోటారు కొట్టు వైపు ఎవరూ చూడరు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఊపిరాడదు. ఆగస్టులో వర్షం కోసం ఆకాశం వైపు చూస్తున్న రైతు దగ్గరికి వెళ్ళి ఈ నెల కోటా నింపమని కుర్రవాణ్ని తరమడం వల్ల అమ్మకం రాదు, తిట్లు వస్తాయి. పూణే, చెన్నై ఆఫీసుల్లో కూర్చున్నవారికి ఇది తెలియకపోవచ్చు. ఏరియా అధికారులైన మీకు తెలుసు. తెలిసినవారు పైకి రాసి పంపకపోతే మరెవరు పంపుతారు?

ఇక ఇన్సెంటివ్ దేని మీద ఇవ్వాలన్నది. నన్నడిగితే బిల్లు మీద కాదు, వసూలైన డబ్బు మీద. బిల్లు మీద ఇస్తే ఏమవుతుందో మనందరం మార్చి 31 రాత్రి చూస్తూనే ఉంటాం. అనంతపురం బైపాస్ పక్కన ఒక గోదాము ముందు రాత్రి పదకొండు గంటలకు లారీ ఆగుతుంది. డీలరు తలుపు తెరిచి, "ఎక్కడ పెట్టేది స్వామీ, లోపల అడుగు పెట్టే చోటు లేదు" అంటాడు. సేల్స్ కుర్రవాడు బతిమాలతాడు. బిల్లు తేదీ 31 అయితే చాలు, ఏప్రిల్ 15 తర్వాత వాపసు తీసుకుంటామని మేనేజరు ఫోన్‌లో మాట ఇస్తాడు. ఏప్రిల్‌లో సరుకు వాపసు వస్తుంది, దెబ్బతిన్న పైపుల నష్టం ఎవరి మీద వేయాలన్న గొడవ మే దాకా సాగుతుంది. కుర్రవాడి మాట ఆ డీలరు దగ్గర చెల్లకుండా పోతుంది. నిజంగా బాగా అమ్మేవాడికి ఈ రాత్రి కంటే అవమానం లేదు, ఎందుకంటే అతని పెట్టుబడి అతని మాటే.

అంకె కోసం మనిషిని తరిమితే పెద్ద సంస్థలు కూడా ఎక్కడికి చేరతాయో 2016లో లోకమంతా చూసింది. అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు ఎనిమిది రకాల ఖాతాలు అంటగట్టాలన్న లక్ష్యం పెట్టారు. సిబ్బంది ఆ ఒత్తిడికి ఖాతాదారులకు తెలియకుండానే లక్షలాది ఖాతాలు తెరిచేశారు. బ్యాంకుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, సుమారు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి. మన మార్చి 31 లారీ దానికి చిన్న తమ్ముడు.

అయితే వసూలు మీద ఇస్తామన్నప్పుడు, ఆ వసూలు కుర్రవాడి చేతిలో ఉన్నదై ఉండాలి. రాష్ట్రంలో సూక్ష్మ సేద్య పథకం 2003లో మొదలైనప్పటి నుంచి మన డ్రిప్పు వ్యాపారంలో ఎక్కువ భాగం సబ్సిడీ మీదే నడుస్తోంది. రైతు పాసుపుస్తకం, ఆధార్ కాగితాలు సేకరించి, పొలం చూపించి, రైతు వాటా కట్టించి, పైపులు వేయించి, తనిఖీ చేయించేదాకా కుర్రవాడి పని. ప్రభుత్వం దగ్గర నుంచి కంపెనీకి రావలసిన సబ్సిడీ సొమ్ము ఎప్పుడు విడుదలవుతుందన్నది అతని చేతిలోనే కాదు, మీ చేతిలో కూడా లేదు. ఆ సొమ్ము వచ్చినప్పుడే అతని ఇన్సెంటివ్ అంటే, నెలల తరబడి అతని ఇంటి అద్దె ఖజానా తాళం మీద ఆధారపడుతుంది. నాకు తెలిసిన ఒకాయన ఇలా ఏడాదిన్నర ఎదురుచూసి, చివరికి "ఉద్యోగం మానేసినవారికి పాత ఇన్సెంటివ్ ఇవ్వము" అన్న జవాబు విన్నాడు. తనిఖీ పూర్తయిన రోజున అతని భాగం అతనికి ఇచ్చేయండి. పెట్టుబడి ఆగిపోయే భారం మోయవలసింది వ్యాపారం చేసేవారు, బండి మీద తిరిగేవాడు కాదు.

2022 ఏప్రిల్ 4న జిల్లా రెండయినప్పుడు జరిగింది కూడా ఇక్కడే చెప్పాలి. అంతకుముందు ఒకే మనిషి ధర్మవరం, కదిరి, అనంతపురం మూడు వైపులా ఏళ్ళ తరబడి డీలర్లను పోగుచేశాడు. జిల్లా విడిపోగానే అతని కంపెనీ ధర్మవరం, కదిరి తీసి కొత్తగా చేరినవాడికి ఇచ్చింది. సగం డీలర్లు పోయారు, టార్గెట్టు మాత్రం పాతదే ఉంచారు. పుట్టపర్తిలో కలెక్టరేటు పెట్టడానికీ, ఇతను కదిరి డీలరుతో పదేళ్ళుగా పెంచుకున్న నమ్మకానికీ ఏమిటి సంబంధం? ఏరియా విడదీయవలసి వస్తే విడదీయండి. కానీ అతను నిలబెట్టిన డీలర్ల నుంచి వచ్చే వ్యాపారంలో కనీసం ఒక సంవత్సరం అతనికి భాగం ఉంచండి, ఆ సంవత్సరంలో కొత్తవాణ్ని అతనే దగ్గరుండి పరిచయం చేస్తాడు. లేకపోతే అతను అదే డీలర్లను మరో కంపెనీ పేరుతో పలకరిస్తాడు.

బాగా అమ్మేవాడిని సంతోషపెట్టాలని మేనేజరును చేసే ఆచారం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. అలన్ బెన్సన్, డానియెల్ లీ, కెల్లీ షూ అనే ఆర్థికవేత్తలు అమెరికా కంపెనీల్లో వేలాదిమంది అమ్మకం సిబ్బంది వివరాలు పరిశీలించి 2019లో ఒక పరిశోధన ప్రచురించారు. కంపెనీలు ఎక్కువ అమ్మినవాళ్ళకే పదోన్నతి ఇస్తున్నాయని, కానీ మేనేజరు కాకముందు అమ్మకాలు రెట్టింపు ఉన్నవారి కింద పనిచేసేవాళ్ళ అమ్మకాలు సగటున 7.5 శాతం తగ్గాయని అందులో తేలింది. ఇతరులతో కలిసి అమ్మిన అనుభవం ఉన్నవాళ్ళు మాత్రం మెరుగైన మేనేజర్లయ్యారు. నా అనుభవం కూడా అదే. నేను మేనేజరును చేసిన ఒక మంచి అమ్మకందారు ఆరు నెలలు తన కింది కుర్రవాళ్ళ ఆర్డర్లన్నీ తానే వెళ్ళి తెచ్చేవాడు. వాళ్ళు నేర్చుకోలేదు, అతనికి నిద్ర లేదు, అతని పాత ఏరియా పాడైంది. చివరికి అతనే నా ఇంటికి వచ్చి, "సార్, నా బండి నాకిచ్చేయండి" అన్నాడు. పేరు, గౌరవం, జీతం అన్నీ మేనేజరు స్థాయిలో ఇస్తూనే మనిషిని పొలాల మధ్యనే ఉంచవచ్చు. విజిటింగ్ కార్డు మీద పెద్ద హోదా రాయడానికి అయ్యే ఖర్చు ఎంత?

కొత్తవారు కావాలని నలుగురూ అడిగారు కనుక వాళ్ళను ఎలా తీసుకోవాలో కూడా నాకు తెలిసినంత చెబుతాను. గదిలో కూర్చోబెట్టి అరగంట మాట్లాడించి తీసుకున్నవాళ్ళలో నేను మోసపోయిన సందర్భాలే ఎక్కువ. మాట్లాడడం వచ్చినవాడు మనతోనూ బాగా మాట్లాడతాడు, అంతే. దానికి బదులు ఒక రోజు అతన్ని మీ బీట్‌లో (రోజూ తిరిగే కొట్ల దారిలో) మీ పాత మనిషితో పంపండి, ఆ రోజు కూలి ఇచ్చి పంపండి. సాయంత్రం వచ్చాక ఏమి అమ్మావని అడగవద్దు. ఏ కొట్లో ఎవరు ఏమన్నారు, ఏ రైతు ఎందుకు కొనకుండా వెళ్ళాడు అని అడగండి. నాలుగు కొట్లు తిరిగి, ఒక్క డీలరు కూడా ఏ కష్టంలో ఉన్నాడో చెప్పలేనివాడు మీకు పనికిరాడు. పాత కంపెనీని కాకుండా అతను తిరిగిన ఏరియాలో ఒకరిద్దరు డీలర్లను విచారించండి. బాకీ వసూలుకు వచ్చినప్పుడు అతను ఎలా మాట్లాడేవాడో వాళ్ళు దాచకుండా చెబుతారు.

మంచివాళ్ళు దొరికే చోటు కూడా మనం అనుకునే చోటు కాదు. నేను తీసుకున్నవాళ్ళలో వసూళ్ళలో అందరినీ మించినది తాడిపత్రిలో ఒక డీలరు కౌంటరు దగ్గర బిల్లులు రాసిన అమ్మాయి. ఫలానా ఊరి ఫలానా రైతు ఏ సంవత్సరం ఏ మోటారు తీసుకున్నాడో, ఎప్పుడు రీవైండింగ్ చేయించాడో, చీనీ కాయలు ఏ నెలలో కోస్తే చేతికి డబ్బు వస్తుందో ఆమె పుస్తకం చూడకుండా చెప్పేది. ఆడపిల్ల పల్లెలు తిరగగలదా అని మా ఆఫీసులో అందరూ సందేహించారు. ఆమె ముందు ఫోన్ చేసి, డబ్బు ఉన్న రోజునే వెళ్ళేది, మొహమాటం లేకుండా అడిగేది. ఊరికే తిరిగి రావడం ఆమెకు అలవాటు లేదు.

తీసుకున్నాక చేతికి కాగితం ఇవ్వండి. సేల్స్ ప్రమోషన్ ఉద్యోగుల కోసం 1976లో పార్లమెంటు చేసిన చట్టంలోనే నియామక పత్రం ఇవ్వాలని ఉంది. ఆ చట్టాన్ని కలుపుకున్న 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలంటోంది, అది 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. మీ కొట్లో పదిమంది లేరు కనుక అది మీకు వర్తించదని మీరు అనవచ్చు. చట్టం కోసం కాకపోయినా మీ మాట కోసం ఇవ్వండి. అలాగే వెళ్ళిపోకుండా కట్టిపడేయాలని పదో తరగతి, డిగ్రీ ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుంటున్నారు, రెండేళ్ళు పోటీ కంపెనీలో చేరనని రాయించుకుంటున్నారు. ఉద్యోగం మానేసిన తర్వాత బతుకుతెరువును అడ్డుకునే అలాంటి ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు. చెల్లని కాగితం పెట్టుకుని కుర్రవాడి తల్లిని భయపెట్టడం మన ఊళ్ళో మన మర్యాదకు తగదు.

ఇంతగా అతని పక్షాన రాస్తున్నాను కనుక, బాగా అమ్మేవాడు ఏం చేసినా ఊరుకోవాలని నేనంటున్నట్టు అర్థం చేసుకోవద్దు. నేను చూసిన పెద్ద నష్టాల్లో రెండు, ముందు వరుసలో ఉన్నవాళ్ళ వల్లనే జరిగాయి. ఒకతను వసూలు చేసిన నగదును ఒక డీలరుది ఇంకో డీలరు ఖాతాలో చూపుతూ ఎనిమిది నెలలు నెట్టుకొచ్చాడు. అతను ఎక్కువ అమ్ముతున్నాడు కనుక ఎవరూ అతని ఏరియాలో డీలర్ల దగ్గరికి వెళ్ళి బాకీ లెక్క సరిచూడలేదు. తప్పు అతనిది, చూడకపోవడం మాది. మూడు నెలలకొకసారి మేనేజరు ప్రతి డీలరు దగ్గరికి స్వయంగా వెళ్ళి బాకీ అంకె మీద సంతకం తీసుకోవాలి. ఈ నియమం ఎవరికీ సడలించకూడదు, అందరికంటే ఎక్కువ అమ్మేవాడికి అసలే సడలించకూడదు. నిజాయితీగా పనిచేసేవాడు దీనికి నొచ్చుకోడు, ఆ సంతకం అతనికే రక్ష.

దీన్ని దాటి రోజువారీ నిఘా మాత్రం తగ్గించండి. గంటకోసారి లొకేషన్ పంపమనడం, ఎండలో డీలరు ముందు నిలబడి ఫొటో పెట్టమనడం, రాత్రి తొమ్మిదికి రిపోర్టు కాల్ అనడం వల్ల అమ్మకం పెరగడం నేనెక్కడా చూడలేదు. వారంలో ఒక రోజు మేనేజరు అతని బండి వెనక కూర్చుని తిరిగితే సరిపోతుంది. ఆ రోజు పది మాటలు మీరు చెప్పకండి, పది మాటలు అతన్ని చెప్పనివ్వండి. పోటీ కంపెనీ ఉరవకొండలో ఏ స్కీము పెట్టింది, మన స్టార్టరు వర్షాకాలంలో ఎందుకు ట్రిప్ అవుతోంది, ఏ డీలరు అన్నదమ్ములు విడిపోబోతున్నారు, ఇవన్నీ మీ కంప్యూటరులో ఉండవు, అతని దగ్గర ఉంటాయి.

ఈ ఏప్రిల్ 1కి మీరు ఇవ్వబోయే షీటు గురించి నా విన్నపం ఇది. ఇన్సెంటివ్ శాతం ఎంత, ఏ పని పూర్తయితే వస్తుంది, ఏ తేదీన వస్తుంది అన్నవి తెలుగులో ఒక పేజీలో రాసి, సంవత్సరం మధ్యలో మార్చబోమని అందులోనే రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. పై పరిమితి తీసేయండి. టార్గెట్టు తప్పనిసరి అయితే నిరుడు ఎవరు ఎంత అమ్మారన్నదాని మీద కాకుండా ఆ మండలంలో బోర్లు ఎన్ని, తోటలు ఎంత, కొత్తగా డ్రిప్పుకు అర్హులైన రైతులు ఎందరు అన్నదాని మీద కట్టండి. మండల వ్యవసాయ, ఉద్యాన శాఖల దగ్గర ఆ లెక్కలు అడిగితే దొరుకుతాయి. మార్చి దాకా ఎవరికైనా పాత ఇన్సెంటివ్ బాకీ ఉంటే, కొత్త షీటు ఇచ్చే ముందు అది ఇచ్చేయండి, మానేసి వెళ్ళినవారికి కూడా.

అలాంటి ఒక పేజీ కాగితం నమూనా నా దగ్గర ఉంది. నా చివరి మూడేళ్ళలో నా ఏరియాలో వాడినదే. ఆ మూడేళ్ళలో నా మనుషుల్లో ఒక్కరే మానేశారు, అది కూడా ఆర్టీసీలో ఉద్యోగం వచ్చి. కావలసినవారు ఏ ఆదివారమైనా ఉదయం మా ఇంటికి రండి, కాపీ ఇస్తాను, మీ వ్యాపారానికి తగినట్టు కూర్చుని మార్చుకుందాం. నార్పల కొట్లో స్టూలు లాక్కుని కూర్చున్న ఆ కుర్రవాడికి కూడా ఈ లేఖ ఒక ప్రతి పంపుతున్నాను. 2015లో అతనికి రావలసి, రాకుండా పోయిన మూడు నెలల ఇన్సెంటివ్ లెక్క నా డైరీలో ఇంకా ఉంది. ఆ కంపెనీ ఇప్పుడు ఇవ్వదు కనుక, ఆ మొత్తం నేనే అతనికి ఇస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏరియా మేనేజరు,
అనంతపురం